నేల గురించి మన్రో దొర వేసిన లెక్క

బళ్ళారి, అనంతపురం, కర్నూలు సరిహద్దు పల్లెల్లో మన్రో దొర పేరు వినని పెద్దవాళ్లు అరుదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారని స్థలపురాణం. ఒకప్పుడు ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారని కూడా చెప్పుకుంటారు. ఆ కథల చాటున మరుగునపడిన సంగతి ఒకటుంది. సాగు భూమి ఎందుకు బీడు పడుతుంది? చెడిపోయిన బావిని రైతు ఎందుకు బాగుచేయించుకోడు? ఈ ప్రశ్నలకు ఆయన రెండు వందల ఏళ్ల కిందటే లెక్కకట్టి జవాబు రాశారు.

బారామహల్‌లో తొలి పాఠాలు

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టారు. తండ్రి అమెరికాతో పొగాకు వ్యాపారం చేసేవారు. అక్కడ స్వాతంత్ర్య యుద్ధం రావడంతో వ్యాపారం దెబ్బతిని కుటుంబం చితికిపోయింది. దాంతో మన్రో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి 1780 జనవరిలో మద్రాసులో దిగారు. హైదర్ అలీ, టిప్పు సుల్తాన్‌లతో జరిగిన యుద్ధాల్లో పాల్గొన్నారు.

1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ కంపెనీకి దక్కింది. అంటే నేటి తమిళనాడులోని కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతం. అక్కడ అలెగ్జాండర్ రీడ్ చేతికింద మన్రో ఏడేళ్లు శిస్తు పని చూశారు. ప్రతి చేనూ కొలిచి, మధ్యవర్తి లేకుండా దున్నేవాడితోనే శిస్తు తేల్చుకునే రైత్వారీ పద్ధతి ఆ పల్లెల్లోనే రూపు దిద్దుకుంది.

దత్త మండలాల్లో ఏడేళ్లు

1800లో నిజాం తుంగభద్రకు దక్షిణాన ఉన్న సీమను కంపెనీకి వదులుకున్నారు. అవే దత్త మండలాలు. బళ్ళారి, అనంతపురం, కడప వీటిలోవే. ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చేసరికి 80 మంది పాళెగాళ్లు ఎవరికి వారే రాజులు. దండ్ల రాకపోకలతో ఊళ్లు నలిగిపోయి ఉన్నాయి. పాళెగాళ్లను అణచి, ఏడాదిలో ఎక్కువ రోజులు డేరాల్లోనే ఉంటూ ఆయన ఊరూరా తిరిగారు.

1802లో నలుగురు గుమాస్తాలతో సర్వే మొదలైంది. వాళ్లు మరికొందరికి పని నేర్పగా ఆ సంఖ్య వందకు చేరింది. కొలతకు 33 అడుగుల గొలుసు వాడారు. పొడవూ వెడల్పూ ఒక్కో గొలుసు ఉండే చదరాలు 40 కలిస్తే ఎకరం. ఇప్పటికీ కర్ణాటక రైతు ఎకరానికి 40 గుంటలని చెప్పేది ఇదే కొలత. ఏడేళ్లలో కంపెనీ రాబడి సుమారు సగం మేర పెరిగింది. ఆ పెంపు రైతు గడ్డివాములోంచి వచ్చిందేనన్న సంగతి కూడా మరువరానిది.

వందకు 45

రాబడి పెంచిన కలెక్టరే 1807 ఆగస్టులో తన పైవాళ్లకు ఎదురు లెక్క రాశారు. పంటలో వందకు సుమారు 45 పాళ్లు సర్కారుకే పోతున్నాయి. విత్తనం, ఎద్దులు, కూలి పోగా రైతుకు మిగిలేది బొటాబొటి. అలాంటి భూమిని కొనేవాడుండడు. అమ్ముడుపోని భూమికి ఎవరూ మరమ్మతులు చేయించరు. రైతు పైపైన దున్ని, దిగుబడి తగ్గగానే వదిలేసి మరో చేను పట్టుకుంటాడు. వదిలేసిన చేనులో ముళ్లకంప మొలుస్తుంది.

అందుకే శిస్తును నాలుగో వంతు తగ్గించి, సర్కారు వాటాను పంటలో మూడో వంతుకు తేవాలన్నారు. బావి కింది భూములకు తగ్గింపు 33 శాతం. దానికి ఒక షరతు పెట్టారు. బావినీ, గట్లనూ రైతే సొంత ఖర్చుతో బాగుచేసుకోవాలి. చిన్న చెరువుల కింద మరమ్మతు ఖర్చుకు ఒప్పుకున్న రైతులకూ అంతే తగ్గింపు. కొత్తగా బావి తవ్వి మెట్టను తోటగా మార్చుకున్నా పాత మెట్ట శిస్తే కట్టాలి తప్ప పెంచకూడదు. శిస్తు కట్టినంతకాలం భూమి రైతుదే. అమ్ముకోవచ్చు, కౌలుకివ్వచ్చు.

చెరువుల సంగతీ ఆయన గమనించారు. ఈ సీమలో చెరువుకు అనువైన చోటల్లా పూర్వీకులు ఎప్పుడో కట్టేశారనీ, కొత్తవి కట్టబోవడం వృథా ప్రయాసేననీ తేల్చారు.

పదమూడేళ్ల ఆలస్యం

ఆ ఏడాదే మన్రో స్వదేశానికి వెళ్లారు. మద్రాసు సర్కారు తగ్గింపును పక్కనపెట్టి ఊళ్లను గుత్తకిచ్చింది. మొదట మూడేళ్లకు, తర్వాత పదేళ్లకు. గుత్తదారుకు గడువులోగా దండుకోవడమే పని. నేల బాగోగులు అతనికెందుకు? చాలామంది గుత్తదారులు బాకీ పడ్డారు, రైతులు చితికిపోయారు. కంపెనీకి రావలసిన రాబడీ రాలేదు.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చారు. రైత్వారీ పద్ధతిని స్థిరపరచి, 1807లో తాను రాసిన తగ్గింపును దత్త మండలాల్లో అమలు చేయించారు. పదమూడేళ్ల కిందటే జరగాల్సిన పని అది. అప్పటికీ బరువు పూర్తిగా దిగలేదు. శిస్తు డబ్బు రూపంలో ఖాయం కావడంతో, ధాన్యం ధర పడిన ఏళ్లలో రైతు మరిన్ని గింజలు అమ్మాల్సి వచ్చేది. 1876-78 నాటి కరువు బళ్ళారి సీమను పీల్చి పిప్పి చేసింది.

పత్తికొండలో చివరి మజిలీ

1827 వేసవిలో పదవి విడిచి వెళ్లేముందు మన్రో పాత జిల్లాలను చూసిపోదామని బయల్దేరారు. ఆ ప్రయాణంలోనే కలరా సోకింది. జూలై 6న పత్తికొండలో ఆయన కన్నుమూశారు. గుత్తిలో ఖననం చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. 1839లో మద్రాసులో నిలబెట్టిన ఆయన గుర్రపు విగ్రహం నేటికీ ఉంది.

ఇంకా తేలని లెక్క

1953లో బళ్ళారి జిల్లా రెండుగా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, మిగతాది మైసూరుకు వెళ్లాయి. నేల కోతకు మాత్రం సరిహద్దు లేదు. వానకు నల్లరేగడి పైమట్టి కొట్టుకుపోవడం అటూ ఇటూ ఒకటే. మరుసటి ఏడాదే బళ్ళారిలో నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం వెలిసింది. వాలుకు అడ్డంగా గట్లు, సాళ్లు, వాన నీటి కుంటలు ఎలా ఉండాలో రైతులకు తెలియంది కాదు.

ఆనాటి శిస్తు భారం ఇప్పుడు లేదు. కానీ ఏడాది కౌలుకు చేను పట్టిన రైతు నేటికీ మన్రో నాటి రైతులాగే ఆలోచిస్తాడు. ఈ ఏడు గట్టు వేసి, పశువుల ఎరువు తోలితే, ఆ ఫలం అందే నాటికి చేను తన చేతిలో ఉంటుందా? ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఆ డబ్బు పెట్టడు. ఆ నమ్మకాన్ని రైతుకు కాగితం మీద రాసివ్వమనే 1807లో మన్రో కోరారు.