నాడీతంతువుల కవచరహస్యము: పియో దెల్ రియో ఓర్తేగా

మన మెదడులోని నాడీకణాల నుండి సన్నని తంతువులు వెలువడి వార్తలను మోసుకొనిపోతాయి. వాటిలో అనేకమునకు మైలిన్ అనే కొవ్వుపొర కవచమువలె చుట్టుకొని ఉంటుంది. కవచమున్న తంతువులో విద్యుత్సంకేతము అనేక రెట్లు వేగముగా పయనిస్తుంది. మెదడులో ఆ కవచాన్ని అల్లే కణాన్ని లోకానికి చూపిన శాస్త్రజ్ఞుని జీవితాన్ని ఇక్కడ స్మరించుకొందాము.

పియో దెల్ రియో ఓర్తేగా 1882లో స్పెయిన్ దేశములోని పోర్తియో గ్రామములో జన్మించారు. వైద్యవిద్య పూర్తిచేసి, పరిశోధనపై మక్కువతో మాడ్రిడ్ నగరము చేరి అచూకారో అనే ఆచార్యుని వద్ద శిష్యరికము చేశారు. 1918లో ఆ గురువు చిన్న వయస్సులోనే మరణించారు.

అప్పటికే నోబెల్ బహుమతి పొందిన రమోన్ ఈ కహాల్ నాడీశాస్త్రానికి పెద్దదిక్కు. నాడీకణాలను, నక్షత్రాకార కణాలను వేరుచేయగా మిగిలిన చిన్న కణాలను ఆయన మూడవ వర్గముగా పేర్కొన్నారు. ఓర్తేగా వెండి లవణముతో కొత్త రంజనపద్ధతిని కల్పించి, ఆ వర్గములో రెండు వేర్వేరు జాతులున్నాయని నిరూపించారు. వాటిలో ఒకటి 1921లో ఆయన వర్ణించిన ఓలిగోడెండ్రోగ్లియా. మైలిన్‌ను తయారుచేసేది ఇదేనని ఆయన ఊహించారు. మహాగురువుతో విభేదించుట తేలిక కాదు. మనస్పర్థలు ముదిరి 1920లోనే ఆయన కహాల్ ప్రయోగశాలను వీడవలసివచ్చింది. అయినా పరిశోధన మానలేదు.

1936లో చెలరేగిన అంతర్యుద్ధము ఆయనను స్వదేశానికి దూరము చేసింది. పారిస్, ఆక్స్‌ఫర్డ్ నగరాలలో పనిచేసి, 1940లో బ్యునస్ ఐరిస్ చేరి, 1945లో అక్కడే కన్నుమూశారు. ఆయన ఊహ నిజమని 1960 దశకములో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ధ్రువపరచింది.

కథ అంతటితో ముగియలేదు. నాడీకణాల విద్యుత్ చలనాన్ని విషముతో ఆపినప్పుడు మైలిన్ ఏర్పడుట తగ్గిందని 1996లో ఫ్రాన్సు పరిశోధకులు తెలిపారు. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఎలుకల మెదడులో కొన్ని నాడీకణాలను కాంతితో ప్రేరేపించగా, ఓలిగోడెండ్రోగ్లియా మూలకణాలు వృద్ధిచెంది, అక్కడి మైలిన్ పొర మందమైంది. అనగా నాడీకణము పనిచేసినకొద్దీ దాని కవచము బలపడగలదన్నమాట.

విద్యార్థి మిత్రులారా, సాధన వృథా కాదని పెద్దలు చెప్పిన మాటకు మెదడులోనే ఒక ఆధారమున్నట్లు మనకు తోచుచున్నది. ఆ ఆధారానికి పునాది వేసినది మాత్రము, గురువు అంగీకరించకున్నను కంటికి కనబడిన సత్యాన్ని వదలని ఆ శిష్యుని ఓర్పు.