చనిపోయాక శిక్ష పడిన పాత గోవా వైద్యుడు

పాత గోవాలో సే కెథడ్రల్ ముందు నిలబడితే చుట్టూ పోర్చుగీసు కాలపు చర్చిలే కనిపిస్తాయి. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినవి ఇవే. ఇప్పుడు కనిపించని భవనం మరొకటి ఆ పక్కనే ఉండేది. అది ఇంక్విజిషన్ అనే మత విచారణ న్యాయస్థానం. గార్సియా ద ఓర్తా అనే వైద్యుడికి ఆ న్యాయస్థానం, ఆయన మరణించిన పన్నెండేళ్లకు శిక్ష వేసింది.

ఓర్తా తల్లిదండ్రులు యూదులు. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టడంతో పోర్చుగల్ చేరారు. 1497లో అక్కడా బలవంతపు మతమార్పిడి తప్పలేదు. అలా మారినవారిని ‘కొత్త క్రైస్తవులు’ అనేవారు. పాత మతాన్ని రహస్యంగా పాటిస్తున్నారన్న అనుమానం వారిని తరతరాలుగా వెంటాడింది. 1500 ప్రాంతంలో పుట్టిన ఓర్తా స్పెయిన్‌లో వైద్యం చదివారు, లిస్బన్‌లో పాఠాలు చెప్పారు. 1534లో నౌకాదళాధిపతి మార్తిం అఫోన్సో ద సౌసా వెంట వైద్యుడిగా గోవా వచ్చారు. మరో రెండేళ్లకు పోర్చుగల్‌లో ఇంక్విజిషన్ మొదలైంది. ఆయన మళ్లీ స్వదేశం వెళ్లలేదు.

గోవాలో ఆయనకు మంచి పేరొచ్చింది. అహ్మద్‌నగర్ సుల్తాన్ బుర్హాన్ నిజాం షాకూ వైద్యం చేశారు. బొంబాయి దీవిని కౌలుకు తీసుకున్నారు. హకీములు, స్థానిక వైద్యులు, వ్యాపారులను అడిగి ఇంగువ, భంగు, మిరియాలు, మామిడి వంటి వాటి గుణాలు, స్థానిక పేర్లు సేకరించారు. కలరా లక్షణాలను నమోదు చేశారు. కళ్లారా చూసినదానితో సరిపోలకపోతే గ్రీకు పండితుల మాటనూ తప్పుపట్టారు. ఇదంతా సంభాషణల రూపంలో 1563లో గోవాలోనే అచ్చయింది. భారత్‌లో ముద్రితమైన తొలి పుస్తకాల్లో అదొకటి. 1567లో క్లూసియస్ లాటిన్ సంక్షిప్త రూపంతో అది ఐరోపా అంతటా తెలిసింది.

అప్పటికే, 1560లో ఇంక్విజిషన్ గోవాలోనూ అడుగుపెట్టింది. ఓర్తా 1568లో కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఆయన చెల్లెలు కటారినాను యూదు మతం పాటిస్తోందన్న నేరంపై సజీవ దహనం చేశారు. కుటుంబ సభ్యుల విచారణలో ఓర్తా విశ్వాసం ప్రస్తావనా వచ్చింది. 1580లో ఆయన అస్థికలను తవ్వి తీసి కాల్చేశారు.

గోవాలో ఇంక్విజిషన్ 1812లో రద్దయింది. ఆ భవనాన్నీ తర్వాత కూల్చేశారు. ఓర్తాకు పాత గోవాలో సమాధి లేదు. పణజీ నడిబొడ్డున ఒక ఉద్యానవనం మాత్రం ఆయన పేరు మోస్తోంది.