తొవ్వ ఏసినోడు ఎడ్డీ రాబిన్సన్

మన దగ్గర ఇంటర్ రిజల్ట్ వచ్చిన తెల్లారే ఫ్లెక్సీలు లేస్తయి. ర్యాంకు కొట్టిన పిల్లల ఫోటోలు, కింద కాలేజీ పేరు. ఆ ఫోటోలు చూసి వచ్చే ఏడాది ఇంకో ఊరి తల్లిదండ్రులు తమ పిల్లలను తెచ్చి అండ్లనే చేర్పిస్తరు. అమెరికాల ఇదే లెక్క ఫుట్‌బాల్‌తోని నడుస్తది. ఏ కాలేజీల ఆడినోళ్లు పెద్ద లీగుకు ఎక్కువ పోయిన్రో, మంచి ఆటగాళ్లు ఆ కాలేజీకే పోతరు. పైస లేని ఒక నల్లజాతి కాలేజీల కూసొని ఈ లెక్కను తన దిక్కు తిప్పుకున్నోడు ఎడ్డీ రాబిన్సన్. ఆయనది గెలిచిన కథ సుత, గెలుపే ఎదురు తిరిగిన కథ సుత.

ముందుగాల ఆట సంగతి జర తెల్వాలె. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు లెక్క ఉండే బంతిని చేతుల పట్టుకొని ఉరికే ఆట. అక్కడి పోరగాళ్లు బడిల ఆడి, కాలేజీల ఆడి, ఆ తర్వాతనే ఎన్‌ఎఫ్‌ఎల్ అనే పైసల లీగుకు పోతరు. కాలేజీ కోచ్‌లు ఊర్లు తిరిగి బడి పిల్లలను ఏరుకునుడును రిక్రూటింగ్ అంటరు. లీగు టీంలు కాలేజీ ఆటగాళ్లను వంతుల లెక్కన ఏరుకునుడును డ్రాఫ్ట్ అంటరు. ఐపీఎల్ తీరుగ వేలం పాట ఉండది. పోయినేడు అందరికంటె కింద పడ్డ టీంకు మొదటి వంతు వస్తది. మొదటి డ్రాఫ్ట్ 1936ల ఫిలడెల్ఫియాల ఒక హోటల్ల జరిగింది. బోర్డు మీద 90 పేర్లు రాసి ఏరుకున్నరు. అప్పుడు లీగుల ఒక్క నల్లజాతి ఆటగాడు లేడు. 1934 నుంచి 1945 దాకా ఆ తలుపు మూసే ఉంచిన్రు.

రాబిన్సన్ 1919 ఫిబ్రవరి 13న లూసియానా రాష్ట్రంల జాక్సన్ అనే చిన్న ఊర్ల పుట్టిండు. నాయిన వేరేటోళ్ల భూమిల పాలుకు పత్తి పండించేటోడు. అమ్మ ఇండ్లల్ల పని చేసేది. తర్వాత బతకనీకి బ్యాటన్ రూజ్ పట్నం పోయిన్రు. ఆ పట్నంలనే లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఉన్నది, దానికి పెద్ద స్టేడియం ఉన్నది. కానీ నల్లజాతి పిల్లలకు అండ్ల సీటు లేదు. ఎంత బాగ ఆడినా లేదు. అందుకే లీలాండ్ అనే చిన్న నల్లజాతి కాలేజీల చదివి, అక్కడనే ఆడిండు. డిగ్రీ చేతికొచ్చినంక దొరికిన కొలువు ఏంది? దాణా మిల్లుల పని. గంటకు 25 సెంట్లు.

1941ల ఆయనకు పిలుపొచ్చింది. ఉత్తర లూసియానాల గ్రాంబ్లింగ్ అనే పల్లె. అక్కడ నల్లజాతి పిల్లల కోసం ఒక కాలేజీ. దాని ప్రెసిడెంట్ రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ జోన్స్ ఈయనను కోచ్‌గ పెట్టుకున్నడు. వయసు 22. జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు. గ్రౌండ్ల గడ్డి కోసుడు, గీతలు గీసుడు, దెబ్బలు తాకినోళ్లకు కట్టు కట్టుడు, ఆట అయినంక పేపర్లకు వార్త రాసి పంపుడు, అన్నీ ఆయననే. మొదటి ఏడు 3 గెలిచి 5 ఓడిన్రు. రెండో ఏడు 9 ఆడి 9 గెలిచిన్రు. ఎదుటోళ్లకు ఒక్క పాయింటు సుత ఇయ్యలే.

తర్వాత రెండేండ్లు యుద్ధం వల్ల కాలేజీ టీం లేకుండె. అప్పుడు ఆ ఊరి హైస్కూల్ పిల్లలకు ఆట నేర్పిండు. పత్తి ఏరే కాలంల ఒక తండ్రి తన కొడుకులను ఆటకు పంపనంటే, రాబిన్సన్ టీం మొత్తాన్ని చేన్లకు తోల్కపోయి పత్తి ఏరిపిచ్చి, ఆ పిల్లలను ఆటకు తెచ్చుకున్నడని చెప్పుకుంటరు. రిక్రూటింగ్ అంటే ఆయనకు ఇంటి బాధ ఎరిగి పిల్లగాన్ని తెచ్చుకునుడు.

ఇగ అసలు మలుపు 1949ల వచ్చింది. గ్రాంబ్లింగ్ ఊర్లనే పుట్టిన పాల్ యంగర్ అనే ఆటగాడు ఉండె. ఒళ్లు చూసి అందరు ట్యాంక్ అనేటోళ్లు. డ్రాఫ్ట్ల ఆయన పేరు ఎవ్వలు పిలవలే. అయినా లాస్ ఏంజెలెస్ రామ్స్ టీం ఆయనను తీసుకున్నది. నల్లజాతి కాలేజీ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోయిన మొదటి ఆటగాడు యంగర్. ఈ ఒక్కడు ఫెయిలైతే ఇంకో నల్లజాతి కాలేజీ దిక్కు లీగు మళ్ల చూడదని రాబిన్సన్ భయం. ఆ బరువు సంగతి యంగర్‌కు చెప్పే పంపిండు. ఆలోచించున్రి తమ్ముళ్లు, తెల్ల పిల్లగాడు ఫెయిలైతే వాడొక్కడే ఫెయిల్. యంగర్ ఫెయిలైతే జాతి మొత్తం ఫెయిల్. ఈ లెక్క మనకు సుత తెలిసిందే. యంగర్ ఫెయిల్ కాలే. పది సీజన్లు ఆడిండు. 1951ల రామ్స్ ఛాంపియన్ అయిన టీంల ఉన్నడు.

అప్పటిసంది ఊర్లల్ల మాట పాకింది. గ్రాంబ్లింగ్ పోతే రాబిన్సన్ దగ్గర ఆడొచ్చు, అక్కడి నుంచి లీగుకు తొవ్వ ఉన్నది. రాబిన్సన్ తల్లిదండ్రుల ముంగట కూసున్నప్పుడు చూపెట్టనీకి పెద్ద బిల్డింగులు లేకుండె, పైసలు లేకుండె. పోయినోళ్ల పేర్లు ఉండె. 1956ల విల్లీ డేవిస్‌ను క్లీవ్‌లాండ్ టీం 15వ రౌండుల తీసుకున్నది. ఆయన తర్వాత గ్రీన్ బే టీంతోని ఐదు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిండు. విల్లీ బ్రౌన్‌ను డ్రాఫ్ట్ల ఎవ్వలు తీసుకోలే. ఆయన సుత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కిండు.

ఇక్కడ బక్ బుకానన్ సంగతి చెప్పాలె. ఆయనది అలబామాల బర్మింగ్‌హామ్. సొంత రాష్ట్రపు యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీంల నల్లజాతోళ్లకు చోటు లేదు. గ్రాంబ్లింగ్ పోయిండు. 1960ల ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగ ఏఎఫ్‌ఎల్ అనే కొత్త లీగు పుట్టింది. కొత్త లీగుకు ఆటగాళ్లు కావాలె, పాత లీగు చూడని దిక్కు చూడాలె. 1963ల రెండు లీగులు ఎవరి డ్రాఫ్ట్ వాళ్లు పెట్టుకున్నరు. ఏఎఫ్‌ఎల్‌ల బుకానన్‌ను అందరికంటె ముందు, నంబర్ 1గ ఏరుకున్నరు. అదే ఏడు ఎన్‌ఎఫ్‌ఎల్‌ల అదే బుకానన్ పేరు 265వ నంబర్ల వచ్చింది. మనిషి ఒక్కడే, బలం ఒక్కటే. చూసే కన్ను వేరే. అందుకే డ్రాఫ్ట్ నంబరును ప్రతిభకు కొలబద్ద అనుకోవద్దు. ఎవడు ఏ ఊరికి పోయి చూసిండో ఆ నంబర్ల కనబడ్తది. కాన్సాస్ సిటీ టీం లాయిడ్ వెల్స్‌ను, పిట్స్‌బర్గ్ టీం బిల్ నన్‌ను పెట్టుకున్నరు. ఇద్దరూ నల్లజాతి పత్రికలల్ల పనిచేసినోళ్లే. ఈ కాలేజీల లోతు తెలిసినోళ్లు. చూసేటోడు మారంగనే నంబర్లు మారినయి.

మెరుపు ఉన్నకాడ నీడ సుత ఉంటది. 1967ల గ్రాంబ్లింగ్ విద్యార్థులే లొల్లి చేసిన్రు. కాలేజీకి ఆట మీద ఉన్న ధ్యాస చదువు మీద లేదని వాళ్ల కొట్లాట. ఆ మాట తప్పు కాదని నేననుకుంట. ఫ్లెక్సీ మీది ఫోటోతోని కాలేజీ నడిస్తే, ఫోటోల లేనోళ్ల సంగతి ఎవడు చూడాలె? రాబిన్సన్ తన మటుకు తాను పొద్దుగాల లేచి గంట కొట్టుకుంట హాస్టల్ల తిరిగి ఆటగాళ్లను లేపి క్లాసుకు తోలేటోడు. టై కట్టుకునుడు, నలుగుట్ల మాట్లాడుడు నేర్పేటోడు. కానీ ఒక కోచ్ మంచితనంతోని కాలేజీ లోటు పూడదు.

ఇగ క్వార్టర్‌బ్యాక్ కథ. టీంను నడిపేది, ఏ ఆట ఆడాల్నో చెప్పేది క్వార్టర్‌బ్యాక్. నల్లజాతోళ్లకు ఉరికే కాళ్లుంటయి గానీ నడిపే తలకాయ ఉండదని లీగు నమ్మకం. కాలేజీల ఆ జాగల ఆడినోళ్లను లీగుల వేరే జాగలకు మార్చేటోళ్లు. రాబిన్సన్ దీని మీద పంతం పట్టిండు. జేమ్స్ హ్యారిస్‌ను ఆ జాగ కోసమే తయారుచేసిండు. 1969ల బఫెలో టీం ఆయనను 8వ రౌండుల తీసుకున్నది, అదే ఏడు సీజన్ మొదటి ఆటల్నే క్వార్టర్‌బ్యాక్‌గ దింపింది. 1978ల డగ్ విలియమ్స్‌ను టాంపా బే మొదటి రౌండుల 17వ నంబర్ల తీసుకున్నది. 1988 జనవరిల ఆ విలియమ్స్ వాషింగ్టన్ టీంతోని సూపర్ బౌల్ గెలిచిండు. ఆ ఫైనల్ గెలిచిన మొదటి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆయననే. ఆ వాషింగ్టన్ టీం 1962 దాకా ఒక్క నల్లజాతి ఆటగాన్ని పెట్టుకోలేదన్న సంగతి యాది పెట్టుకోవాలె.

మరి ఎదురు తిరుగుడు ఏంది? యంగర్, డేవిస్, బుకానన్ లీగుల ఆడుతుంటే టీవీల అందరూ చూస్తున్నరు. తెల్లోళ్ల యూనివర్సిటీలు సుత చూస్తున్నయి. నల్లజాతి పిల్లలను పెట్టుకుంటేనే గెలుస్తమని వాటికి సమజైంది. అలబామా యూనివర్సిటీ 1970ల విల్బర్ జాక్సన్‌కు ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్ ఇచ్చింది, నల్లజాతి ఆటగానికి ఇచ్చుడు అదే మొదలు. అదే ఏడు సెప్టెంబర్ల బర్మింగ్‌హామ్‌ల నల్లజాతి ఆటగాళ్లున్న సదరన్ కాలిఫోర్నియా టీం వచ్చి అలబామాను 42-21తోని ఓడగొట్టింది. ఇగ తలుపులు ఒక్కొక్కటి తెరుచుకున్నయి. 1974ల అదే విల్బర్ జాక్సన్ డ్రాఫ్ట్ల 9వ నంబర్ల పోయిండు.

ఇప్పుడు పల్లె పిల్లగానికి రెండు తొవ్వలు. ఒక దిక్కు పెద్ద స్టేడియం, టీవీ, మంచి డాక్టర్లు, దాంతోటి డ్రాఫ్ట్. ఇంకో దిక్కు గ్రాంబ్లింగ్. ఎటు పోతడు? ఎటు పోయిండో మనకు తెలుసు. పిల్లగాన్ది తప్పు కాదు. మూసిన తలుపు తెరుచుకునుడు న్యాయమే. కానీ తలుపు ఒక్క దిక్కే తెరిచిన్రు. పిల్లలు పోయిన్రు, వాళ్ల ఎనుక పైసలు పోయినయి. తొవ్వ ఏసిన కాలేజీకి వచ్చింది మాత్రం ఏం లేదు.

అయినా రాబిన్సన్ ఉన్న జాగ ఇడువలే. 1985ల 324వ ఆట గెలిచి, అలబామా కోచ్ బేర్ బ్రయంట్ రికార్డు దాటిండు. ఆఖరికి 408 గెలుపులు అయినయి. ఆయన చేతుల మీదికెల్లి లీగులకు పోయినోళ్లు 200ల పైన. చివరి మూడేండ్లు గెలిచినయి తక్కువ, ఓడినయి ఎక్కువ. 1997ల దిగిపోయిండు. ఆయన కుర్చీల డగ్ విలియమ్స్ కూసున్నడు. తర్వాత మతిమరుపు రోగం వచ్చింది. 2007 ఏప్రిల్ 3న పోయిండు. యూనివర్సిటీల సీటియ్యని ఆ బ్యాటన్ రూజ్ పట్నంలనే, రాష్ట్ర శాసనసభ భవనంల ఆయన శవపేటిక పెట్టి జనం దండం పెట్టుకున్నరు.

ఆయన పోయినంక ఆరేండ్లకు, 2013ల, గ్రాంబ్లింగ్ ఆటగాళ్లు ఒక మ్యాచ్‌కు పోమని కూసున్నరు. బూజు పట్టిన గదులు, గంటల కొద్ది బస్సు ప్రయాణాలు భరించలేక ఆ పని చేసిన్రు. 2021 డ్రాఫ్ట్ల అమెరికా మొత్తంల నల్లజాతి కాలేజీల నుంచి ఒక్క పేరు సుత పిలవలే. వచ్చే ఏడు నాలుగు పిలిచిన్రు. లీగుల సగానికి పైన నల్లజాతి ఆటగాళ్లే ఉన్నరు. వాళ్లను తయారుచేసే పేరు, పైస మాత్రం వేరే కాలేజీలకు పోతున్నయి.

చెల్లె, తమ్మీ, ఈ ముచ్చట మీకెందుకు? కాలేజీల ఫుట్‌బాల్ ఆడినోళ్లల్ల లీగు దాకా పోయేటోళ్లు నూటికి ఇద్దరు సుత ఉండరు. మీరు చేరే కోచింగైనా, అకాడమీ అయినా ఫోటోలల్ల ఉన్నోళ్ల గురించి అడగకుండనే చెప్తది. మీరు అడగాల్సింది ఫోటోల లేనోళ్ల గురించి. వాళ్లు ఏమైన్రు, చదువు పూర్తయిందా, కొలువు దొరికిందా? రాబిన్సన్ గంట కొట్టి లేపింది డ్రాఫ్ట్‌కు పోయే 200 మందినే కాదు, పోని వేల మందిని సుత. మీ ఊరి నుంచి ఒక్కరు గెలిస్తే సంబురపడున్రి. ఆ ఒక్కన్ని తయారుచేసిన బడికి, ఆ గ్రౌండుకు తిరిగి ఏమొచ్చిందో సుత లెక్క అడుగున్రి.