నెక్కొండ పులివేటలో రాజా దీన్‌దయాళ్ కెమెరా

ఖమ్మం: 1902 ఏప్రిల్‌లో వైస్రాయి లార్డ్ కర్జన్ నైజాం అతిథిగా నెక్కొండ అడవికి పులివేటకు వచ్చాడు. 1953లో కొత్త జిల్లా ఏర్పడేవరకు ఖమ్మం ప్రాంతం కూడా నెక్కొండలాగే వరంగల్ జిల్లాలో భాగం. గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం అప్పట్లో మద్రాసు పాలనలో ఉండేది. ఆ వేట ఫొటోలు తీసే పని హైదరాబాద్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియోకు దక్కింది. కర్జన్ దంపతులు నిలబడి ఉండగా వారి ముందు చచ్చిన పులి పడివున్న ఆ బొమ్మను నేటికీ పుస్తకాల్లో అచ్చువేస్తున్నారు.

దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనా పట్టణంలో జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదివి 1866లో ఇందూరు సంస్థానంలో నక్షాలు గీసే ఉద్యోగంలో చేరారు. ఉద్యోగం చేస్తూనే 1870ల్లో ఫొటోలు తీయడం నేర్చుకున్నారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి గ్వాలియర్, ఖజురహో, సాంచి కట్టడాలను తీశారు. గోడ ఎక్కడ మొదలవ్వాలో, నీడ ఎక్కడ ఆగాలో లెక్కచూసే నక్షాకారుని అలవాటు ఆ బొమ్మల్లో కనిపిస్తుంది.

నైజాం కొలువులో

1880ల నడుమ ఆరో నైజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా నియమించారు. దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. నైజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో వెలిసింది. మరుసటి ఏడు విక్టోరియా రాణి ఛాయాచిత్రకారుడిగా గుర్తింపు వచ్చింది. దర్బార్లు, వేటలతోపాటు 1899-1900 కరువులో ఔరంగాబాద్ ప్రాంతపు సహాయ శిబిరాల్లోని జనాన్నీ ఆయన స్టూడియో తీసింది.

ఒకే లెన్సు, ఒకే దూరం

ఆనాటి కెమెరా పెద్ద చెక్కపెట్టె. దాన్ని మూడుకాళ్ళ స్టాండు మీద నిలిపి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని, వెనుక గరుకు అద్దం మీద తలకిందులుగా పడే బొమ్మను చూసి సరిచేసుకోవాలి. బొమ్మను దగ్గరకు లాగే జూమ్ లెన్సు అప్పుడు లేదు. ఫొటో కెమెరాలకు అది 1959లో గాని రాలేదు. ఒక్కో లెన్సుకు ఒక్కటే నాభ్యంతరం. బొమ్మ పెద్దది కావాలంటే ముందుకు, ఎక్కువ మంది పట్టాలంటే వెనక్కు కెమెరానే మోసుకుపోవాలి. అందుకే ఎక్కడ నిలబడాలి, ఎవరిని ఎక్కడ నిలపాలి అన్న నిర్ణయంలోనే పనితనమంతా ఉండేది.

ఎనిమిది, పది అంగుళాల గాజు ప్లేటుకు సుమారు 12 అంగుళాల నాభ్యంతరం గల లెన్సు సరిపోతుంది. అంటే 300 మిల్లీమీటర్లు. చిన్న ఫిలిం కెమెరాకు అదే కొలత లెన్సు తగిలిస్తే దూరాన ఉన్న జింక దగ్గరగా కనిపిస్తుంది. పెద్ద ప్లేటు మీద మాత్రం మామూలు చూపే వస్తుంది. పైగా ఇంత పొడవు లెన్సుతో ముందున్నది స్పష్టంగా పడితే వెనుకున్నది మసకబారుతుంది. రెండూ పడాలంటే రంధ్రం చిన్నది చేయాలి. అప్పుడు వెలుతురు తగ్గి, ఎదుటివారు కదలకుండా నిలబడాల్సి వస్తుంది.

పొదల నీడలో కదిలే పులి ఆ కెమెరాకు చిక్కదు, చిక్కినా చుక్కంతే పడుతుంది. టెలిఫొటో లెన్సుకు 1891లోనే ఇంగ్లండులో డాల్‌మేయర్, జర్మనీలో మరి ఇద్దరు ఎవరికి వారుగా రూపమిచ్చారు. కాని తొలినాటి ఆ లెన్సులకు వెలుతురు చాలేది కాదు. అందువల్ల వేట ఫొటోల్లో పులి దాదాపు ఎప్పుడూ చచ్చాకే కనిపించేది. తుపాకి పని ముగిసిన తరువాతే కెమెరా పని మొదలయ్యేది.

చివరి రోజులు

1904లో కొడుకు ధరమ్‌చంద్ కన్నుమూశాడు. మరుసటి ఏడు 1905 జూలై 5న దీన్‌దయాళ్ మరణించారు. మరో కొడుకు జ్ఞాన్‌చంద్ కొన్నాళ్ళు స్టూడియోను నడిపాడు. మిగిలిన గాజు ప్లేట్లలో 2,800 పైచిలుకు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ విడుదల చేసింది.

నెక్కొండ వేట జరిగిన 70 ఏళ్ళకు, 1972లో, వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1977లో పాల్వంచ అడవిలో కిన్నెరసాని అభయారణ్యం ఏర్పడింది. తుపాకి మోసినవారు తిరిగిన అడవుల్లోకి పొడవాటి లెన్సులు పట్టినవారు వస్తున్నారు. జంతువును బెదరగొట్టకుండా దూరాన నిలబడి, బతికుండగానే బొమ్మ తీసుకుపోతున్నారు. దీన్‌దయాళ్‌కు ఎంత పేరున్నా ఆనాటి లెన్సుతో ఆ అవకాశం దక్కలేదు.