యంత్రానికి రక్షణ కవచం కోరిన తనిఖీ అధికారి: లియొనార్డ్ హార్నర్

లోహపు రేకులను అచ్చులతో ఒత్తే ప్రెస్ యంత్రం వద్ద కార్మికుని వేళ్లు నిలవాలంటే అచ్చు చుట్టూ రక్షణ కవచం ఉండాలి. ఆ కవచం యజమాని దయ కాదు, చట్టపరమైన బాధ్యత. ఈ సూత్రం కోసం 19వ శతాబ్దపు బ్రిటన్‌లో పావు శతాబ్దం పాటు శ్రమించిన అధికారి లియొనార్డ్ హార్నర్.

1785 జనవరి 17న ఎడిన్‌బరోలో నారబట్టల వ్యాపారి కుటుంబంలో జన్మించిన హార్నర్‌కు భూగర్భ శాస్త్రంపై మక్కువ ఎక్కువ. పనివారికి విజ్ఞానశాస్త్రం బోధించేందుకు 1821లో ఆయన చొరవతో ఎడిన్‌బరోలో ఏర్పడిన పాఠశాలే నేటి హెరియట్-వాట్ విశ్వవిద్యాలయానికి మూలం.

అప్పటి వరకు వచ్చిన కర్మాగార చట్టాలు అమలుకు నోచుకోలేదు. స్వతంత్ర తనిఖీ లేకపోవడమే అందుకు ప్రధాన కారణం. 1833 చట్టం తొలిసారిగా వేతనం పొందే నలుగురు తనిఖీ అధికారులను నియమించింది. వారిలో ఒకరైన హార్నర్ అనంతరం నూలు మిల్లులకు కేంద్రమైన లాంకషైర్ బాధ్యతలు చేపట్టారు. అక్కడ ఉల్లంఘనలను నిరూపించడం ఒక ఎత్తు, శిక్ష పడేలా చూడడం మరో ఎత్తు. తీర్పు చెప్పే మేజిస్ట్రేట్లలో పలువురు స్వయంగా మిల్లు యజమానులు లేదా వారి బంధుమిత్రులు. స్వల్ప జరిమానాతో బయటపడే యజమానికి చట్టాన్ని పాటించడం కన్నా ఉల్లంఘించడమే లాభసాటిగా ఉండేది.

1844 చట్టం యంత్రభాగాలకు కంచె వేయాలని, ప్రమాదాలను తెలియజేయాలని ఆదేశించింది. మిల్లుల పైకప్పు కింద తిరిగే షాఫ్టులే బెల్టుల ద్వారా యంత్రాలకు శక్తినిచ్చేవి. దుస్తుల అంచు చిక్కితే చాలు, మనిషిని పైకి లాగి నలిపివేసేవి. ఏడు అడుగులకు పైన ఉన్న షాఫ్టులతో ముప్పు లేదని యజమానులు వాదించగా, ప్రమాద నివేదికలు అందుకు విరుద్ధమైన వాస్తవాన్ని చెప్పాయి. 1854లో అన్ని షాఫ్టులకూ కంచె తప్పదని అధికారులు పట్టుబట్టారు. మరుసటి ఏడాది యజమానులు సంఘంగా ఏర్పడి, నిధులు సమీకరించి ప్రతిఘటించారు. 1856లో పార్లమెంటు వారి ఒత్తిడికి తలొగ్గి ఆ నిబంధనను సడలించింది.

ఆ ఓటమి తర్వాత కూడా హార్నర్ వెనుదిరగలేదు. ప్రతి ఉల్లంఘననూ, ప్రతి గాయాన్నీ తన అర్ధసంవత్సర నివేదికలలో నమోదు చేస్తూ వచ్చారు. 1859లో పదవీ విరమణ చేసి, 1864 మార్చి 5న కన్నుమూశారు. మూడేళ్ల తర్వాత వెలువడిన 'పెట్టుబడి' గ్రంథంలో కార్ల్ మార్క్స్ ఆ నివేదికలను విస్తృతంగా వినియోగించుకుని, ఆయన సేవను కొనియాడారు.

భారత్‌లో 1881 నాటి తొలి కర్మాగారాల చట్టంలోనూ కంచెలు, తనిఖీ అధికారుల ప్రస్తావన ఉంది. స్వాతంత్ర్యానంతరం 1948 చట్టంలోని 21వ సెక్షన్ ప్రమాదకర యంత్రభాగాలకు పటిష్ఠమైన రక్షణను తప్పనిసరి చేసింది. యంత్రం నడుస్తున్నంతసేపు ఆ కవచం తన స్థానంలోనే ఉండాలని నిర్దేశించింది. ఉత్పత్తి వేగం కోసం కవచాన్ని తొలగించిన ప్రతి చోటా లాంకషైర్ నాటి లెక్కే మళ్లీ తలెత్తుతుంది. పరిహారం తెగిన వేలును తిరిగి తేలేదు. అందుకే తనిఖీ అధికారి ప్రమాదం జరిగాక కాదు, జరగకముందే యంత్రం వద్దకు చేరాలన్నది హార్నర్ జీవితం మిగిల్చిన పాఠం.