ముఖశిల్పి సర్ హెరాల్డ్ గిల్లీస్

కాలు విఱిగినవానిని చూచి లోకము జాలిపడును. ముఖము చెడినవానిని చూచి లోకము మొగము త్రిప్పుకొనును. నిప్పంటుకొని చెంప ముడుతలు పడిన బాలిక, గ్రహణమొఱ్ఱితో పుట్టిన బాలుడు, బొల్లిమచ్చలు గల యువకుడు, వీరి బాధలో సగము దేహమునకు సంబంధించినది. మిగిలిన సగము చూచువారి చూపులవలన కలుగునది. ఈ రెండవ సగమునకు కూడ చికిత్స చేయుట వైద్యుని ధర్మమని నమ్మిన మహనీయుడొకడు గత శతాబ్దమున ఇంగ్లండు దేశమున నుండెను. ఆయన పేరు సర్ హెరాల్డ్ గిల్లీస్. ఆయన చరిత్రము మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియదగినదని తలచి మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గిల్లీస్ 1882వ సంవత్సరము జూన్ 17వ తేదీన న్యూజిలాండు దేశమందలి డ్యునెడిన్ నగరమున జన్మించెను. తండ్రి రాబర్టు గిల్లీస్ ఆ దేశపు శాసనసభలో సభ్యుడుగా నుండినవాడు. ఎనమండుగురు సంతానములో హెరాల్డ్ కడగొట్టువాడు. ఆయన పసితనముననే తండ్రి గతించెను. చిన్ననాడు తగిలిన దెబ్బవలన ఆయన మోచేయి బిగిసిపోయెను. అయినను ఆయన ఆటలు మానలేదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చదువుచుండగా 1904లో ఆక్స్‌ఫర్డుతో జరిగిన ప్రసిద్ధమైన పడవపందెమున తన విద్యాలయము పక్షమున తెడ్డు వేసెను. గోల్ఫు ఆటలోను గొప్ప నేర్పరి యయ్యెను. చిత్రలేఖనము నందు ఆయనకు మిక్కిలి అభిరుచి. తోడివారిని చిలిపిచేష్టలతో నవ్వించుట ఆయనకు తుదివరకును పోని అలవాటు. లండనునందలి సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్య ముగించి, చెవి, ముక్కు, గొంతు రోగముల వైద్యుడుగా స్థిరపడెను.

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ప్రారంభమయ్యెను. ఆ యుద్ధమున సైనికులు నేలలో త్రవ్విన కందకములలో నిలిచి పోరాడిరి. దేహము కందకమున దాగియుండినను తల యెత్తిచూచినవాని ముఖమునకు గుండు తగులుచుండెను. దవడలు చిట్లి, ముక్కులెగిరిపోయి, కనుఱెప్పలు కాలిపోయి బ్రతికి బయటపడినవారు వేలకొలదిగా నుండిరి. వారి ప్రాణము నిలుపుటకే గాని వారి ముఖము నిలుపుటకు తగిన ఏర్పాటు ఇంగ్లండు సైన్యమున లేకుండెను. 1915లో రెడ్‌క్రాసు సంఘము తరపున ఫ్రాన్సుకు వెళ్ళిన గిల్లీస్ అచట వలాడియే అను దంతవైద్యుడు విఱిగిన దవడలను సరిచేయు విధమును చూచెను. పారిస్ నగరమున మోరెస్టిన్ అను శస్త్రవైద్యుడు ఒక రోగి ముఖమునుండి వ్రణమును కోసివైచి, ప్రక్కనున్న చర్మమును జరిపి ఆ గుంటను కప్పుట చూచి ఆశ్చర్యపడెను. ఆనాటినుండి ఆయన జీవితమునకు దారి యేర్పడెను.

ఇచట మన దేశమును తలచుకొనుట అప్రస్తుతము కాదు. తెగిన ముక్కునకు చెంపచర్మముతో అతుకువేయు విధానము ప్రాచీనమైన సుశ్రుతసంహితయందు కలదు. 1792 నాటి మైసూరు యుద్ధమున ఆంగ్లసైన్యమునకు ఎడ్లను తోలు కావస్జీ అనువాడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి ముక్కును, ఒక చేతిని పోగొట్టుకొనెను. అతడు మన కర్ణాటకమందలి శ్రీరంగపట్టణము చెంత తిరిగి సైన్యమును చేరెను. సుమారొక సంవత్సరము తరువాత పూనా ప్రాంతపు దేశీయవైద్యుడొకడు నుదుటి చర్మమును క్రిందికి మలచి అతనికి క్రొత్తముక్కు నమర్చెను. ఈ వృత్తాంతము 1794లో లండను పత్రికయందు అచ్చుపడెను. దానిని చదివిన కార్ప్యూ అను ఆంగ్లవైద్యుడు 1814లో ఆ విధానముననే శస్త్రచికిత్స చేసెను. పాశ్చాత్యులు నేటికిని దీనిని భారతీయ పద్ధతి యనియే పిలుచుచున్నారు. గిల్లీస్ చేతికి వచ్చిన విద్యలో మనవారి పాలును కలదని గ్రహింపవలెను.

ఫ్రాన్సునుండి తిరిగివచ్చిన గిల్లీస్ అధికారులను ఒప్పించి, 1916 ప్రారంభమున ఆల్డర్‌షాట్ సైనిక ఆసుపత్రిలో ముఖగాయములకై ప్రత్యేకశాఖను నెలకొల్పెను. గాయపడినవారిని తన యొద్దకే పంపుటకై పది పౌనుల సొంత ధనము వెచ్చించి చిరునామా చీటీలను కొని, యుద్ధరంగమునకు పంపునట్లు ఏర్పాటు చేసెను. ఆ సంవత్సరము జూలై 1వ తేదీన సోమ్ నదీప్రాంతమున ఘోరయుద్ధము మొదలయ్యెను. 200 మంది వత్తురని సిద్ధపడియుండగా సుమారు 2,000 మంది వచ్చిరి. ఆ చీటీలను తమ దుస్తులకు తగిలించుకొని వచ్చినవారు కూడ వారిలో నుండిరి. స్థలము చాలకపోయెను. అందుచే 1917లో సిడ్‌కప్ అను ఊరిలో ముఖగాయములకే ప్రత్యేకముగా క్వీన్స్ ఆసుపత్రి తెఱవబడెను.

ఆ యేడు అక్టోబరు 3వ తేదీన ఆయనకొక క్రొత్త యుక్తి తోచెను. జట్లండ్ నౌకాయుద్ధమున ముఖము కాలిన ఒక నావికునికి ఎదచర్మమును ముఖమునకు మార్చుచుండెను. చర్మమును పూర్తిగా కోసి తెచ్చినచో దానికి రక్తము అందదు. కావున ఒక చివరను దేహమునకే అంటియుండ నిచ్చి, రెండవ చివరను ముఖమునకు చేర్తురు. నడుమ నుండు పట్టి తెఱచిన పుండువలె నుండి చీముపట్టుచుండెను. ఆనాటికి పెనిసిలిన్ లేదు. ఆ చర్మపు పట్టి అంచులు తమంతట తామే లోపలికి ముడుచుకొనుట గిల్లీస్ కనిపెట్టెను. ఆ అంచులను కలిపి కుట్టినచో గొట్టము కాదా యని తలచి, వెంటనే కుట్టెను. పచ్చిభాగము లోపల మూయబడెను; క్రిమిదోషము తగ్గెను; రక్తప్రసారము చక్కగా సాగెను. కొన్ని వారములలో ముఖమున చర్మము నాటుకొన్న పిమ్మట గొట్టమును తెంపివేయవచ్చును. రష్యా సామ్రాజ్యమునకు చెందిన ఒడెస్సా నగరమున ఫిలాటోవ్ అను వైద్యుడును ఇంచుమించుగా ఆ కాలముననే ఈ యుపాయమును స్వతంత్రముగా కనుగొనెను.

విజయము మనుజుని తొందరపెట్టును. ముఖమంతయు కాలిపోయిన ఒక యువవైమానికునికి గిల్లీస్ 1918లో ఎదనుండి మిక్కిలి పెద్దదైన చర్మమును తీసి, ముఖమంతటిని ఒక్కసారిగా కప్ప యత్నించెను. ఆ చర్మము నిలువలేదు. అది కుళ్ళెను. అప్పటికే బలహీనుడైయున్న ఆ యువకుడు కొద్దివారములలో మరణించెను. ఈ మరణము గిల్లీస్‌ను తీవ్రముగా కలచివైచెను. ఆయన దీనిని దాచలేదు. 1920లో ప్రకటించిన తన గ్రంథమున విజయముల ప్రక్కనే ఈ అపజయమునకును చోటిచ్చి, తప్పు తనదే యని ఒప్పుకొనెను. నేడు ఆపగల పనిని రేపటికి ఆపుట శస్త్రవైద్యునకు సిగ్గు కాదనియు, రోగి బలము తెలిసి మెట్టుమెట్టుగా పోవలెననియు ఆయన తరువాతి శిష్యులకు బోధించుచు వచ్చెను. ఆయన జీవితమున మాకు అన్నిటికంటె గొప్పదిగా తోచునది గొట్టమును కుట్టిన దినము కాదు. ఈ తప్పును వ్రాసిపెట్టిన దినము.

వ్రాసిపెట్టుట ఆయన పద్ధతికి మూలము. ప్రతి రోగికిని చికిత్సకు ముందును, ప్రతి మెట్టునందును ఛాయాచిత్రములు తీయించెను. హెన్రీ టాంక్స్ అను చిత్రకారుడు పూర్వమున శస్త్రవైద్యుడు. అతడు ఆ గాయపడిన ముఖములను రంగుసుద్దలతో చిత్రించెను. దంతవైద్యులు దవడలను నిలిపిరి. ముఖమున శస్త్రము నడుచుచుండగా ముఖముపై మత్తుమందు తొడుగు నుంచుట వీలుగాదు గదా! ఆ చిక్కును తీర్చుటకై మేగిల్, రోబోథాం అను ఇరువురు వైద్యులు శ్వాసనాళములోనికి గొట్టమును పంపి మత్తునిచ్చు విధానమును సిడ్‌కప్‌లో అభివృద్ధిచేసిరి. నేటి శస్త్రచికిత్సాలయములన్నిటను ఆ విధానము వాడుకలో నున్నది.

ఆ ఆసుపత్రి గదులలో అద్దములుంచలేదు. రోగులకు చేతిపనులు నేర్పిరి. ఊరిలోనికి పోవు దారిప్రక్క కొన్ని బల్లలకు నీలిరంగు వేసిరి. ఆ బల్లపై కూర్చుండువాని ముఖము చూచి ఉలికిపడవలదని ఊరివారికది హెచ్చరిక. ఆ బల్లలు దయతో వేసినవే కావచ్చును. కాని వానిపై కూర్చున్నవాని మనస్సు ఎట్లుండెనో యోచింపుడు! సిడ్‌కప్‌లో 5,000 మందికి పైగా సైనికులకు 11,000కు మించిన శస్త్రచికిత్సలు జరిగెను.

యుద్ధానంతరమున గిల్లీస్ లండనులో స్వంతముగా వైద్యము సాగించి, సౌందర్యముకొఱకు వచ్చువారికిని చికిత్స చేసెను. కొందఱు వైద్యులు దీనిని తక్కువగా చూచిరి. చెడిన రూపమును సహజస్థితికి తెచ్చుట ఒకటి, సహజమును మించిన అందమునకై యత్నించుట వేఱొకటి యని ఆయన భేదము చెప్పెను. ఐనను రెండింటియందును మనుజుని ఆనందమే లక్ష్యమని నమ్మెను. గ్రహణమొఱ్ఱితో పుట్టిన శిశువుల పెదవులను సరిచేయుటయందును ఆయన కృషి కలదు. 1930లో ఆయనకు సర్ బిరుదము లభించెను. ప్లాస్టిక్ అను మాట విని మన పిల్లలు బిందెలను, సంచులను తలంతురు. వైద్యశాస్త్రమున ఆ మాటకు మలచుట యని గ్రీకుభాషనుండి వచ్చిన యర్థము.

రెండవ ప్రపంచ యుద్ధము వచ్చునాటికి ఇంగ్లండులో ఈ విద్యయే వృత్తిగా గలవారు నలుగురే. గిల్లీస్ బేసింగ్‌స్టోక్ వద్ద రూక్స్‌డౌన్ హౌస్‌నందు పనిచేసెను. ఆయన బంధువును శిష్యుడును నైన ఆర్చిబాల్డ్ మెకిండో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లో కాలిన వైమానికులకు చికిత్స చేసెను. ఆ వైమానికులు 1941లో గినీపందుల సంఘమని నవ్వులాటగా ఒక సంఘము పెట్టుకొనిరి. గినీపంది ప్రయోగశాలలో పరీక్షలకు వాడు చిన్నజంతువు. తమపై జరుగుచున్నది క్రొత్త చికిత్స యని వారు ఎఱుగుదురు. ఎఱిగియే ధైర్యముతో నవ్విరి.

1946లో ఆ దేశపు ప్లాస్టిక్ శస్త్రవైద్యుల సంఘమునకు గిల్లీస్ మొదటి అధ్యక్షుడయ్యెను. 1957లో మిలార్డ్ అను అమెరికా వైద్యునితో కలిసి మఱియొక మహాగ్రంథమును ప్రకటించెను. 78వ యేట 1960 ఆగస్టున ఒక యువతికి శస్త్రచికిత్స చేయుచుండగా ఆయనకు పక్షవాతము వచ్చెను. ఆ సెప్టెంబరు 10వ తేదీన లండనులో పరమపదించెను.

ఆయన కాలమున క్రొత్త చికిత్సకు వైద్యుని మనస్సాక్షియే కావలి. నేడు నియమములు కలవు. రోగిపై జరుపు పరిశోధనలకు పాటింపవలసిన ధర్మములను 1964లో హెల్సింకి నగరమున ప్రపంచ వైద్యుల సంఘము ప్రకటించెను. మన దేశమున అట్టి పరీక్షలను ముందుగా నమోదుచేయుట 2009నుండి తప్పనిసరి యయ్యెను. ముందు కొలదిమందిపై, పిమ్మట పెక్కుమందిపై పరీక్షింపవలెను. రోగి అంగీకారము వ్రాతమూలముగా పొందవలెను. ఇష్టము లేనివాడు నడుమ మానుకొనవచ్చును. ఒక ఉదాహరణము చెప్పెదము. బొల్లికి రక్సోలిటినిబ్ అను మందు గల లేపనము 2022లో అమెరికాలో పండ్రెండేండ్లు నిండినవారికి అంగీకరింపబడెను. అంతకుముందు 24 వారముల పరీక్షయందు కొందఱికి మందుగల లేపనము, కొందఱికి మందులేని వట్టి లేపనము నిచ్చి పోల్చిరి. మందు వాడినవారిలో పదిమందికి సుమారు ముగ్గురికి ముఖమందలి మచ్చలలో ముప్పాతిక భాగము రంగు తిరిగివచ్చెను. వట్టి లేపనము వాడినవారిలో పదిమందికి సుమారొకరికి అట్లు కలిగెను. పోల్చి చూడనిచో ఆ యొకరిని చూపి వట్టి లేపనమును కూడ దివ్యౌషధమని అమ్మవచ్చును గదా! తల్లిదండ్రులు దీనిని గమనింపవలెను. తెల్లబఱచునని చెప్పి అంగళ్ళలో అమ్ము కొన్ని లేపనములలో స్టెరాయిడు మందులుండి చర్మమును పలుచబఱచి చెఱచును. ఎందఱిపై పరీక్షించిరి, ఏ కీడు కలిగెను అని అడుగుట అవమానము కాదు.

విద్యార్థులారా! శస్త్రము పట్టుట మీలో కొందఱికే సాధ్యము. కాని గిల్లీస్ చేసిన చికిత్సలో రెండవ సగము మీ యందఱి చేతులలోను కలదు. కాలిన చెంపగల తోటివిద్యార్థిని మీ ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె కన్నులలోనికి చూచి మాటలాడుడు. మన పాఠశాలయందు ఏ బల్లకును నీలిరంగు వేయవలసిన యక్కఱ కలుగకుండుగాక.