ఆరు రోజులు, ఐదు విజయాలు: సువానీకి జేజేలు

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, కంబర్లాండ్ పీఠభూమి మీద అడవుల నడుమ సువానీ అనే చిన్న ఊరుంది. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్ కుర్రాళ్లు 1899లో ఆడిన ఫుట్‌బాల్ సీజన్‌కు 2024తో నూటపాతికేళ్లు నిండాయి. ఆ ఏడు వాళ్లు పన్నెండు ఆటలు ఆడి పన్నెండూ గెలిచారు. మొత్తం 322 పాయింట్లు చేసి, ఎదుటివాళ్లకు ఇచ్చింది పదే. ఆ పదీ ఒక్క జట్టే చేసింది. మిగిలిన పదకొండు జట్లూ సున్నాతోనే ఇంటిదారి పట్టాయి.

ఇది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కబడ్డీకీ కుస్తీకీ పుట్టినట్టుండే ఆట. అందులోనూ ఆనాటిది మరీ మోటు. బంతిని ముందుకు విసిరే వీలు 1906లో గానీ రాలేదు. బంతిని పొట్టకు అదుముకుని, మనుషుల గుంపును తోసుకుంటూ పోవడమే మార్గం. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్, దానికి ఐదు పాయింట్లు. ఇప్పటిలాంటి హెల్మెట్లు లేవు. ఒకసారి బయటికి వెళ్లినవాడు మళ్లీ ఆ ఆటలో దిగకూడదు. అందుకే దెబ్బ తగిలినా ఓర్చుకుని నిలబడేవాళ్లు.

అలాంటి ఆటను నవంబర్ 9 నుంచి 14 లోపల ఐదుసార్లు ఆడారు, ఐదు ఊళ్లలో. ఆస్టిన్‌లో టెక్సస్ మీద 12-0. మర్నాడు హ్యూస్టన్‌లో టెక్సస్ ఎ అండ్ ఎం మీద 10-0. ఆ మర్నాడు న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ మీద 23-0. ఆదివారం ఒక్కరోజు విశ్రాంతి. సోమవారం బాటన్ రూజ్‌లో ఎల్‌ఎస్‌యూ మీద 34-0. మంగళవారం మెంఫిస్‌లో మిసిసిపీ మీద 12-0. రానూ పోనూ రైలు ప్రయాణం సుమారు 2,500 మైళ్లు. టెక్సస్‌తో ఆటలో కెప్టెన్ హెన్రీ సైబెల్స్ తల చిట్లింది. అయినా మైదానం వదలకుండా రెండు టచ్‌డౌన్లూ తనే చేశాడు.

ఈ అభినందనలో సగం మైదానం బయటి వాళ్లది. వాండర్‌బిల్ట్ జట్టుతో గేటు వసూళ్ల పంపకం దగ్గర పేచీ వచ్చి, ఆ ఏడు వాళ్లతో ఆట లేకుండా పోయింది. ఆ లోటు పూడ్చడానికి ఇంత సాహసయాత్ర ఖరారు చేసినవాడు జట్టు మేనేజర్ ల్యూక్ లీ. అప్పటికి అతనూ విద్యార్థే. తర్వాత అమెరికా సెనేటర్ అయ్యాడు. పరాయి ఊరి నీళ్లు పడక కుర్రాళ్లు మంచం పడతారేమోనని పీపాల్లో సువానీ నీళ్లే రైలెక్కించారు. ఆటగాళ్ల బూట్లు మాత్రం స్టేషన్‌లోనే ఉండిపోతే వెనకాల బండిలో తెప్పించారని కథగా చెప్పుకుంటారు. కోచ్ బిల్లీ సూటర్ ఎత్తులు ఒకవైపు, రాత్రంతా రైల్లో కుదుపులు తిన్న కాళ్లను మర్దన చేసి మళ్లీ పరుగుకు సిద్ధం చేసిన కాల్ బర్రోస్ చేతులు మరోవైపు. గెలుపు జాబితాలో ఆయన పేరు మీద పాయింట్లుండవు. కానీ ఆ చేతులు లేకుండా నాలుగో ఆటా ఐదో ఆటా ఎక్కడివి?

ఇంటికి చేరాక కూడా పరీక్ష తీరలేదు. నవంబర్ 30న మాంట్‌గోమరీలో ఆబర్న్ ఎదురైంది. ఆ జట్టు కోచ్ జాన్ హైజ్‌మన్. నేడు కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి గొప్ప పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. సువానీ మీద పడిన పది పాయింట్లూ ఆబర్న్‌వే. 11-10తో సువానీ గట్టెక్కింది. రెండు రోజులకే అట్లాంటాలో నార్త్ కరొలైనాను 5-0తో ఓడించి సీజన్ ముగించింది.

ఆస్టిన్, హ్యూస్టన్, అట్లాంటా... నేడు తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడిన ఊళ్లివి. అక్కడి పెద్ద కాలేజీల రంగు చొక్కాలు తొడుక్కుని స్టేడియానికి వెళ్లే మన పిల్లల్లో, కొండ మీది ఈ చిన్న కాలేజీ పేరు విన్నవాళ్లు తక్కువే. దక్షిణాది పెద్ద కాలేజీలు కొన్నిటితో కలిసి సువానీ కూడా 1932లో సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్ అనే జట్ల కూటమికి పునాది వేసింది. అక్కడ ఒక్క కాన్ఫరెన్స్ ఆటా గెలవలేక 1940లో బయటికొచ్చింది. ఆట మాత్రం మానలేదు. ఆటగాళ్లకు క్రీడా స్కాలర్‌షిప్‌లు ఇవ్వని మూడో డివిజన్‌లో ఇప్పటికీ ఆడుతోంది.

ఈ కాలేజీని మెచ్చుకోవలసింది అందుకే. 1899 నాటి గెలుపును అడ్డుపెట్టుకుని డబ్బు పోటీలో పరుగెత్తలేదు. ఆ తర్వాతి ఓటములకు సిగ్గుపడి మైదానానికి తాళమూ వెయ్యలేదు. నూటపాతికేళ్ల కిందటి సువానీ కుర్రాళ్లకూ, వాళ్లను నిలబెట్టిన మేనేజర్‌కూ, కోచ్‌కూ, మర్దన చేసిన చేతులకూ, ఇవాళ పుస్తకాల సంచీ పక్కన పెట్టి అదే ఊదారంగు చొక్కాతో మైదానంలో దిగుతున్న విద్యార్థులకూ మనసారా అభినందనలు.